ఒకే పోగు, వేర్వేరు లాగుడు: పీఎల్ఏ సాగదీత ప్రాజెక్టు డైరీ

పని మొదలు

పాలీలాక్టిక్ ఆమ్లం, అందరూ పీఎల్ఏ అని పిలిచే ప్లాస్టిక్, లాక్టిక్ ఆమ్లపు అణువులు ఒకదాని వెనుక ఒకటి ఎస్టర్ బంధాలతో అతుక్కుని ఏర్పడిన గొలుసు. ఆ ఎస్టర్ బంధాన్ని నీరు తెంచగలదు. జీవవిచ్ఛిన్న పాలిమర్లలో పీఎల్ఏకు ఇంత పేరు రావడానికి మూలం అదే. కానీ ఒకే పీఎల్ఏతో చేసిన రెండు వస్తువుల్లో ఒకటి పుటుక్కున విరుగుతుంది, మరొకటి ఎంత వంచినా వంగుతుంది. ఒకటి వేడినీళ్లలో ముడుచుకుపోతుంది, మరొకటి చెక్కుచెదరదు. రసాయన సూత్రం రెండింటిదీ ఒకటే. తేడా అంతా తయారీలో దాన్ని ఎలా లాగారన్న దానిలో ఉంది. ఆ తేడాను నా చేతులతో తెప్పించి, కంటితో చూసి, వీలైనంతవరకు కొలవాలని ఈ ప్రాజెక్టు పెట్టుకున్నాను.

సరంజామా పెద్దదేమీ కాదు. త్రీడీ ప్రింటర్లలో వాడే 1.75 మిల్లీమీటర్ల పీఎల్ఏ తీగ, రంగు కలపనిది. 0.2 మిల్లీమీటర్ల మందం ఉన్న పారదర్శక పీఎల్ఏ రేకు. వేడిని నిలకడగా ఉంచే నీళ్ల తొట్టి, థర్మామీటరు. ఒక చెక్క చట్రం: ఒక వైపు కదలని పట్టు, మరో వైపు మర తిప్పితే వెనక్కి జరిగే పట్టు, మధ్యలో స్ప్రింగ్ త్రాసు. వెర్నియర్ కాలిపర్స్. ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే దాటనిచ్చే రెండు పోలరాయిడ్ రేకులు. రంగు కలపని తీగనే ఎంచుకోవడానికి కారణం ఉంది. రంగు పొడులు స్ఫటికాలు పుట్టడానికి బీజాలుగా పనిచేయవచ్చు. అప్పుడు కనిపించిన మార్పు లాగడం వల్ల వచ్చిందా, పొడి వల్ల వచ్చిందా అన్నది తేల్చుకోవడం కష్టం.

గది ఉష్ణోగ్రతలో

ముందుగా తీగను వేడి చేయకుండానే చట్రానికి బిగించాను. లెక్క ప్రకారం 1.75 మిల్లీమీటర్ల తీగ అడ్డుకోత వైశాల్యం 2.4 చదరపు మిల్లీమీటర్లు. పీఎల్ఏ తన్యత బలం సుమారు 60 మెగాపాస్కల్‌లు. అంటే దాదాపు 15 కిలోల బరువు వేలాడదీసినంత బలం కావాలి. మర తిప్పుతూ పోతే త్రాసు ముల్లు ఎక్కుతూనే ఉంటుంది, తీగ మాత్రం సాగినట్టే అనిపించదు. పొడవు కొద్ది శాతం పెరగ్గానే తెగిపోతుంది. తెగిన చోటికి కాస్త ముందు తీగలో సన్నని తెల్లటి అడ్డగీతలు కనిపిస్తాయి. వాటిని క్రేజులు అంటారు: లోపల సూక్ష్మమైన ఖాళీలు విచ్చుకుని, వాటి మధ్య పోగులు వంతెనల్లా నిలిచిన చోట్లు.

ఇది ఇంత పెళుసుగా ఉండటానికి కారణం ఉష్ణోగ్రత. పీఎల్ఏ గాజు పరివర్తన ఉష్ణోగ్రత 55 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. దానికి దిగువన గొలుసులు ఉన్నచోట ఉన్నట్టే బిగుసుకుపోయి ఉంటాయి. లాగినప్పుడు అవి జారి, విప్పుకుని, దారి ఇవ్వడానికి వ్యవధి దొరకదు. పైగా పీఎల్ఏకు వయసు పెరుగుతుంది. కరిగించి చల్లార్చిన కొత్తలో కొంత మెతకగా ఉండి, నిల్వ ఉన్నకొద్దీ గొలుసులు మరింత దగ్గరగా సర్దుకుని పెళుసెక్కుతుంది. ఇది రసాయన మార్పు కాదు. గాజు పరివర్తన ఉష్ణోగ్రత దాటించి మళ్లీ చల్లార్చితే ఆ వయసు చెరిగిపోతుంది.

తెల్లబడిన భాగంలో నిజంగా ఖాళీలు ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి చక్కెర ద్రావణం పనికొచ్చింది. సాగదీయని పీఎల్ఏ సాంద్రత 1.25కు చాలా దగ్గర. బరువు ప్రకారం 52 శాతం చక్కెర ఉన్న ద్రావణం సాంద్రత సుమారు 1.24. మామూలు తీగ ముక్క అందులో మెల్లగా మునుగుతుంది. 50 డిగ్రీల నీళ్లలో నెమ్మదిగా లాగి బాగా తెల్లబడ్డ ముక్కను వేస్తే పైకి తేలింది. ముక్కకు గాలిబుడగలు అంటుకోకుండా ముందే తడిపి తుడిచి వేశాను కాబట్టి ఆ తేలడానికి కారణం లోపలి ఖాళీలే. ఇంత చవకైన పరీక్ష ఇంత స్పష్టంగా జవాబు చెప్పడం నాకు ఎంతో నచ్చింది.

70 డిగ్రీల నీళ్లలో

ఇక అసలు పని. తీగ మీద 10 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున చెరగని సిరాతో గీతలు పెట్టి, 70 డిగ్రీల నీళ్లలో ముంచి, తీగ వేడెక్కేదాకా ఆగి లాగాను. గది ఉష్ణోగ్రతలో 15 కిలోల బలానికి కూడా సాగనిది ఇప్పుడు కిలో లోపు బలానికే సాగుతుంది. గీతలు ఒకదానికొకటి దూరం జరుగుతూ 20, 30, 40 మిల్లీమీటర్లకు వెళ్తాయి. మొదట్లో త్రాసు ముల్లు దాదాపు కదలదు. మూడు రెట్లు దాటాక చేతికి కొత్త బిగువు తెలుస్తుంది. నాలుగు రెట్ల దగ్గర ఆ బిగువు నిటారుగా ఎక్కుతుంది. మర తిప్పే వేళ్లకు తెలిసే ఆ మార్పు గొలుసులు వరుసకు వస్తున్నాయనడానికి మొదటి గుర్తు.

పొడవు నాలుగు రెట్లయితే ఘనపరిమాణం మారదు కాబట్టి వ్యాసం సగం కావాలి: 1.75 నుంచి 0.875 మిల్లీమీటర్లకు. కాలిపర్స్‌తో కొలిస్తే సరిగ్గా ఆ పరిసరాల్లోనే వచ్చింది. ఈ సరిచూత చిన్నదే అయినా నాకు ముఖ్యం. వ్యాసం ఇంతకంటే లావుగా ఉంటే లోపల ఖాళీలు ఏర్పడి ఉండాలి, లేదా పట్టులో తీగ జారి ఉండాలి.

చల్లారాక ఆ పోగును చేతిలోకి తీసుకుని ముడి వేశాను. ముడి పడింది. బిగించాను, తెగలేదు. అదే చుట్టలోని సాగదీయని తీగను వేలికి చుట్టబోతే రెండు ముక్కలవుతుంది. సాగదీసిన పోగు చివరను బ్లేడుతో కాస్త చీల్చి గోటితో పట్టి లాగితే, పొడవునా నారలా చీలుతుంది. పొడవు దిశలో ఇంత గట్టిది అడ్డంగా ఇంత సులువుగా చీలిపోవడానికి కారణం తేలికే: పొడవునా లాగితే గొలుసులోని బలమైన సమయోజనీయ బంధాలు భారం మోస్తాయి, అడ్డంగా లాగితే పక్కపక్క గొలుసుల మధ్య ఉండే బలహీనమైన ఆకర్షణే అడ్డుపడుతుంది.

కాగితం మీద లెక్క

ఒక గొలుసు ఎంతవరకు సాగగలదో లెక్కవేద్దామని కూర్చున్నాను. పీఎల్ఏలో ఒక్కో పునరావృత భాగం అణుభారం 72. లక్ష అణుభారం ఉన్న గొలుసులో సుమారు 1400 భాగాలుంటాయి. స్ఫటికంలో గొలుసు సర్పిలాకారంలో ఉంటుంది, ఒక్కో భాగం అక్షం వెంట 0.288 నానోమీటర్ల పొడవు ఇస్తుంది. అంటే పూర్తిగా చాపితే 400 నానోమీటర్లు. లాగని స్థితిలో అదే గొలుసు చిక్కుపడిన దారపు ఉండలా చుట్టుకుని ఉంటుంది, రెండు కొసల మధ్య సగటు దూరం సుమారు 25 నానోమీటర్లే. కాబట్టి ఒంటరి గొలుసు పదహారు రెట్లు సాగగలగాలి.

నా తీగ నాలుగైదు రెట్లకే బిగుసుకుంటోంది. కారణం, గొలుసులు ఒంటరిగా లేవు. ఒకదాని మీదుగా ఒకటి పోతూ చిక్కులు పడి ఉన్నాయి. వేగంగా లాగినప్పుడు ఆ చిక్కులు విడిపోవడానికి సమయం ఉండదు, కాబట్టి రెండు చిక్కుల మధ్య ఉన్న పొట్టి ముక్కే సాగాలి. పొట్టి ముక్క త్వరగా చివరికంటా సాగిపోతుంది. నా చేతికి తగిలిన బిగువు అదే. అంతేకాక, నిటారుగా నిలబడిన ముక్కలు పక్కపక్కన చేరి స్ఫటికాలుగా కుదురుకుంటాయి, ఆ స్ఫటికాలు కొత్త ముడులుగా మారి సాగడాన్ని మరింత అడ్డుకుంటాయి.

రేకులో రంగులు

తీగ గుండ్రంగా, మందంగా ఉండటం వల్ల పోలరాయిడ్ల మధ్య రంగులు కలగాపులగంగా వస్తాయి. అందుకే ఈ పనికి రేకు వాడాను. సన్నటి పట్టీలుగా కత్తిరించి, అదే 70 డిగ్రీల దగ్గర వేర్వేరు నిష్పత్తుల్లో లాగి, ఒకదానికొకటి అడ్డంగా తిప్పి నిలిపిన రెండు పోలరాయిడ్ల మధ్య పెట్టి చూశాను.

సాగదీయని పట్టీ నల్లగానే ఉంటుంది. కాస్త లాగినది బూడిద తెలుపు. ఇంకాస్త లాగితే పసుపు, నారింజ, ఆపై ఎరుపు ఊదా, నీలం, ఆకుపచ్చ. పట్టీని పోలరాయిడ్ అక్షానికి 45 డిగ్రీల కోణంలో పెడితే రంగు అన్నిటికంటే ప్రకాశంగా ఉంటుంది, అక్షం వెంట తిప్పితే మాయమవుతుంది. దీన్ని ద్వివక్రీభవనం అంటారు. గొలుసులు ఒకే దిక్కుకు తిరిగినప్పుడు, ఆ దిక్కు వెంట కంపించే కాంతి, దానికి అడ్డంగా కంపించే కాంతి వేర్వేరు వేగాలతో ప్రయాణిస్తాయి. ఆ తేడా వల్ల ఒకటి రెండోదానికంటే ఎంత వెనకబడిందన్నదే, అంటే వెనుకబాటే, రంగుగా బయటపడుతుంది.

ఈ రంగుతో లెక్క కూడా కట్టవచ్చు. వెనుకబాటు పెరిగేకొద్దీ రంగులు వరుసలు వరుసలుగా మళ్లీ మళ్లీ వస్తాయి. మొదటి వరుస చివరి ఎరుపు 550 నానోమీటర్ల వెనుకబాటుకు, రెండో వరుస చివరి ఎరుపు 1100 నానోమీటర్లకు దగ్గరగా ఉంటాయి. నాలుగు రెట్లు లాగిన పట్టీ మందం 0.1 మిల్లీమీటర్లు, అంటే లక్ష నానోమీటర్లు. అది రెండో వరుస ఎరుపు చూపించింది. 1100ను లక్షతో భాగిస్తే 0.011. లోపల గొలుసులు ఎంతవరకు వరుసకు వచ్చాయో చెప్పే ఈ అంకెను రెండు పోలరాయిడ్ ముక్కలతో, ఒక కాలిపర్స్‌తో రాబట్టగలిగాను. ఒకే రంగు రెండు వరుసల్లోనూ వస్తుంది కాబట్టి అనుమానం లేకుండా ఉండటానికి ఇంకో పరీక్ష చేశాను. ఒకే తీరున లాగిన రెండు పట్టీలను ఒకదానిపై ఒకటి అడ్డంగా పెడితే రంగు పోయి చీకటవుతుంది, ఒకే దిశలో పెడితే వెనుకబాటు రెట్టింపై వరుసలో ముందుకు దూకుతుంది.

పారదర్శక పీఎల్ఏ కప్పు ఒకటి దొరికితే దాన్నీ ఇలాగే చూశాను. అడుగు భాగం మధ్యలో దాదాపు చీకటి, గోడల మీద నిలువునా రంగుల చారలు. రేకును మెత్తబరచి అచ్చులోకి లాగి చేసిన కప్పు అది. గోడలే ఎక్కువ సాగాయి. దాన్ని 75 డిగ్రీల నీళ్లలో ముంచితే గోడలు కుంగి, ముడుచుకుని, బల్లపరుపు రేకు అవడానికి ప్రయత్నించాయి. తయారీలో పడిన లాగుడు అంతా ఆ గోడల్లో నిల్వ ఉండిపోయింది.

వెనక్కి ముడుచుకునే పరీక్ష

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది ఇదే. నాలుగు రకాల పోగులు తయారుచేశాను. ఒకటి 70 డిగ్రీల దగ్గర చకచకా మూడు రెట్లు లాగినది. రెండోది అదే వేడి, అదే వేగం, కానీ నాలుగున్నర రెట్లు. మూడోది 90 డిగ్రీల దగ్గర నెమ్మదిగా మూడు రెట్లు. నాలుగోది రెండోదానిలాగే లాగి, కొసలు కదలకుండా బిగించి 110 డిగ్రీల వేడిగాలిలో ఉంచినది. అన్నింటినీ విడివిడిగా, స్వేచ్ఛగా 80 డిగ్రీల నీళ్లలో వేశాను.

మొదటిది నీళ్లు తాకిన కొన్ని క్షణాల్లోనే ముడుచుకుంది. గీతల మధ్య దూరం 30 నుంచి 10కి దగ్గరగా వచ్చేసింది. లాగడం వల్ల వచ్చిన పొడవు దాదాపు అంతా వెనక్కి వెళ్లిపోయింది. ఎందుకంటే గొలుసులు సాగాయేగాని చిక్కులు విడిపోలేదు, స్ఫటికాలు వాటిని బంధించలేదు. చల్లారడం వల్లనే అవి ఆ భంగిమలో ఆగిపోయాయి. గాజు పరివర్తన ఉష్ణోగ్రత దాటగానే మళ్లీ చుట్టుకున్నాయి. వాటిని వెనక్కి లాగే స్ప్రింగ్ ఏదీ లేదు. నిటారుగా నిలవడానికి గొలుసుకు ఉన్న మార్గాలు కొన్నే, చుట్టుకుని ఉండటానికి ఉన్న మార్గాలు లెక్కలేనన్ని. ఉష్ణ చలనం వల్ల అది సహజంగా ఆ లెక్కలేనన్నింటి వైపు పోతుంది. దీన్నే ఎంట్రోపీ బలం అంటాం. రబ్బరు వెనక్కి లాగేదీ ఈ బలంతోనే.

రెండోది కొంతే ముడుచుకుని ఆగిపోయింది. లాగుడు ఎక్కువైనప్పుడు పుట్టిన స్ఫటికాలు గొలుసులను పట్టి ఉంచాయి.

మూడోది అసలు విషయం చెప్పింది. దాని పొడవూ మొదటి పోగుకు వచ్చిన మూడు రెట్లే, వ్యాసమూ అంతే. కానీ నీళ్లలో వేస్తే చాలా తక్కువ ముడుచుకుంది, స్ఫటికాలు పట్టి ఉంచడం వల్ల మాత్రం కాదు. రేకును కూడా అదే విధంగా 90 డిగ్రీల దగ్గర నెమ్మదిగా లాగి పోలరాయిడ్ల మధ్య పెడితే పాలిపోయిన బూడిద రంగే వచ్చింది. అంటే ఆ వేడిలో, ఆ నెమ్మదిలో గొలుసులు సాగినంత వేగంగా తిరిగి చుట్టుకుంటూ, ఒకదాని మీద ఒకటి జారుతూ పోయాయి. వస్తువు సాగింది, అణువులు సాగలేదు. ఇంతకాలం నేను నిష్పత్తి ఒక్కటే రాసుకుంటే సరిపోతుందని చదివిన చోటల్లా, దాని పక్కన ఉష్ణోగ్రత, వేగం కూడా రాసి ఉన్నాయేమోనని ఇప్పుడు వెతుకుతున్నాను. అవి లేకుండా ఆ అంకెకు అర్థం లేదు.

నాలుగోది కదలలేదు. కొసలు బిగించి వేడిలో ఉంచడంలో స్ఫటికాలు ఎదిగి, ఉన్నవి గట్టిపడి, గొలుసులకు తిరుగుదారి మూసేశాయి. పరిశ్రమలో దీన్ని హీట్ సెట్టింగ్ అంటారు. కుట్లకు వాడే దారాలు, సాగదీసిన పొరలు చాలావరకు ఈ దశ దాటే వస్తాయి.

పరిశోధనశాల నుంచి వచ్చిన గీతలు

పాలిమర్ పరిశోధనశాలలో పనిచేసే ఒక మిత్రురాలు నా ముక్కలను డీఎస్‌సీ యంత్రంలో, స్ఫటికాల అమరికను ఎక్స్-రేలు చెదిరే తీరుతో చూపించే ఎక్స్-రే వివర్తన యంత్రంలో పెట్టి చూడటానికి ఒప్పుకున్నారు. ముక్కలు అందుకోగానే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "వీటిని ఎంత వేడి దగ్గర, ఎంత వేగంతో లాగారో సంచి మీద రాశారా?" రాశాను. ముడుచుకునే పరీక్ష తర్వాత ఆ అలవాటు తప్పలేదు.

డీఎస్‌సీలో ముక్కను క్రమంగా వేడి చేస్తూ అది పీల్చుకునే, వదిలే ఉష్ణాన్ని కొలుస్తారు. సాగదీయని తీగ 60 దగ్గర మెత్తబడి, 110 దగ్గర ఉష్ణాన్ని వదిలి స్ఫటికమై, ఆపై ఉష్ణం పీల్చుకుని కరిగింది. కరగడానికి గ్రాముకు 36 జౌల్స్ తీసుకుంటే, అంతకుముందు స్ఫటికమవడంలో 30 వదిలింది. తేడా 6. పూర్తి స్ఫటిక పీఎల్ఏ కరగడానికి గ్రాముకు 93 జౌల్స్ కావాలన్న లెక్కతో భాగిస్తే, మొదట్లో ఉన్న స్ఫటికత, అంటే స్ఫటికాలుగా ఉన్న భాగం, ఆరు శాతమే. నాలుగున్నర రెట్లు లాగిన పోగు గ్రాఫులో స్ఫటికమవడాన్ని చూపే శిఖరం 80 డిగ్రీల దగ్గరికి జరిగి చిన్నదైంది. స్ఫటికత 28 శాతం. గొలుసులు ముందే వరుసలో ఉన్నాయి కాబట్టి స్ఫటికం కావడానికి వాటికి అంత వేడి అక్కర్లేకపోయింది. కొసలు బిగించి వేడిలో ఉంచిన పోగులో ఆ శిఖరమే లేదు. స్ఫటికత 41 శాతం.

పోల్చడానికి ఇంకో ముక్క కూడా పంపాను: అసలు లాగకుండా 110 డిగ్రీల వేడిలో ఉంచిన తీగ. దాని స్ఫటికత 40 శాతం. అంకెల్లో చూస్తే ఇదీ, హీట్ సెట్ చేసిన పోగూ కవలలు. చేతిలోకి తీసుకుంటే ఒకటి పాలరంగులోకి మారి, వంచితే విరుగుతుంది. మరొకటి గాజులా పారదర్శకంగా ఉండి ముడి పడుతుంది. ఎక్స్-రే చిత్రం చూస్తే కారణం తెలిసింది. లాగని ముక్క చిత్రంలో పూర్తి వలయాలున్నాయి. అంటే స్ఫటికాలు అన్ని దిక్కులకూ తిరిగి ఉన్నాయి. అవి గోళాకారంగా ఎదిగే స్ఫెరులైట్లు. కాంతిని చెదరగొట్టేంత పెద్దవి కాబట్టే ముక్క పాలరంగుకు మారింది. లాగిన పోగు చిత్రంలో వలయాలు తెగి, పొట్టి చాపాలుగా రెండు పక్కలకు చేరాయి. స్ఫటికాలన్నీ పోగు అక్షం వెంట నిలబడ్డాయి. శిఖరాలు రెండింటిలోనూ దాదాపు ఒకే కోణాల్లో, 16.7, 19 డిగ్రీల పరిసరాల్లోనే ఉన్నాయి. స్ఫటికం రకం అదే, అమరిక వేరు. స్ఫటికత శాతం ఒక్కటే చెప్పి ఊరుకునే వివరాలు నాకు ఇక సరిపోవు.

62 డిగ్రీల దగ్గర లాగిన ఒక ముక్క వేరే కథ చెప్పింది. దాని చిత్రంలో పదునైన చాపం లేదు, కానీ కాంతివలయం మసకగా రెండు పక్కలకే చేరి ఉంది. డీఎస్‌సీలో గాజు పరివర్తన వెనువెంటనే చిన్న కరుగుదల శిఖరం. గొలుసులు సమాంతరంగా నిలిచాయి, కానీ స్ఫటికానికి కావలసినంత కచ్చితంగా ఒకదాని పక్కన ఒకటి ఒదగలేదు. స్ఫటికానికీ అస్ఫటికానికీ నడుమ ఉన్న ఈ స్థితిని మీసోఫేజ్ అంటారు. గాజు పరివర్తన ఉష్ణోగ్రతకు కాస్త పైన లాగినప్పుడు ఇది ఏర్పడుతుంది, ఇంకాస్త వేడి తగిలితే కరిగిపోయి స్ఫటికానికి దారి ఇస్తుంది.

ఆల్ఫా, బీటా, పీహెచ్‌బీ

పీఎల్ఏ స్ఫటికాల్లో సాధారణమైనది ఆల్ఫా రూపం. అందులో గొలుసు మూడు చుట్లకు పది భాగాల చొప్పున మెలి తిరుగుతుంది. 100 డిగ్రీల పరిసరాల్లో స్ఫటికమైతే కాస్త వదులుగా ఉండే ఆల్ఫా ప్రైమ్ వస్తుంది. చాలా ఎక్కువ వేడిలో చాలా ఎక్కువ లాగితే బీటా రూపం వస్తుంది, అందులో చుట్టుకు మూడు భాగాలు. ఆల్ఫాలో ఒక్కో భాగం అక్షం వెంట 0.288 నానోమీటర్లు, బీటాలో సుమారు 0.293. తేడా రెండు శాతమే. అయినా బీటా సుమారు 10 డిగ్రీలు తక్కువలోనే కరుగుతుంది. నా చట్రంతో, నీళ్ల తొట్టితో బీటాను తెప్పించడం సాధ్యం కాదు.

పాలీహైడ్రాక్సీబ్యూటిరేట్, అంటే పీహెచ్‌బీలో ఈ మార్పు ఇంకా నాటకీయంగా ఉంటుంది. 1926లో మోరిస్ లెమోన్య్ బాక్టీరియా కణాల్లో గుర్తించిన సహజ పాలిస్టర్ ఇది. దాని ఆల్ఫా రూపంలో గొలుసు రెండు భాగాలకు ఒక చుట్టు తిరుగుతూ ఒక్కో భాగానికి 0.298 నానోమీటర్లు ఇస్తుంది. గట్టిగా లాగినప్పుడు స్ఫటికాల మధ్య బిగిసిన గొలుసులు మెలిక పూర్తిగా విప్పుకుని చదునైన వంకరటింకర రేఖగా నిలుస్తాయి. అప్పుడు ఒక్కో భాగానికి సుమారు 0.46. ఒకటిన్నర రెట్లు! ఇలా బీటా రూపం ఉన్న పోగులు బలంగా ఉండటమే కాదు, ఆ బీటా భాగాలను ఎంజైమ్‌లు ఆల్ఫా స్ఫటికాల కంటే త్వరగా కోస్తాయి. సాగదీస్తే ఎప్పుడూ విచ్ఛిన్నం నెమ్మదిస్తుందని అనుకునేవారికి ఇది గట్టి జవాబు. ఏ రూపంలోకి సాగింది అన్నదే ప్రశ్న.

పీసీఎల్‌తో కాసేపు

చేతితో మలిచే గింజల రూపంలో దొరికే పాలీకాప్రోలాక్టోన్, పీసీఎల్‌ను కూడా లాగి చూశాను. దీని గాజు పరివర్తన ఉష్ణోగ్రత మైనస్ 60, కరిగేది ప్లస్ 60 దగ్గర. అందుకే గదిలోనే, ఏ వేడీ లేకుండా సాగుతుంది. పట్టీ మధ్యలో ఒక చోట సన్నబడి మెడ ఏర్పడుతుంది, ఆ మెడ రెండు భుజాల వైపు పాకుతుంది. భుజం దగ్గర మడతలు పడిన పలకల్లాంటి స్ఫటికాలు విరిగి, గొలుసులు వాటిలోంచి బయటికి వచ్చి, పోగులుగా మారుతాయి.

1930లో డ్యూపాంట్ ప్రయోగశాలలో వాలెస్ కరోథర్స్ బృందంలోని జూలియన్ హిల్, కరిగిన పాలిస్టర్‌లోంచి పోగు లాగి, చల్లారిన తర్వాత మళ్లీ లాగితే అది అనేక రెట్లు సాగి బలపడుతుందని చూశారు. అది కూడా ఇలాంటి అలిఫాటిక్ పాలిస్టరే, అంటే గొలుసులో బెంజీన్ వలయాలు లేని పాలిస్టర్. తక్కువ వేడికే కరుగుతుందని, నీటికి ఓర్చుకోలేదని దాన్ని పక్కన పెట్టి వారు నైలాన్ వైపు వెళ్లారు. అప్పుడు లోపమన్న ఆ నీటి బలహీనత కోసమే ఇప్పుడు మనం ఈ కుటుంబాన్ని వెతుక్కుంటున్నాం. శస్త్రచికిత్సలో కరిగిపోయే పాలీగ్లైకోలిక్ ఆమ్లపు కుట్టుదారం 1970లోనే వాడుకలోకి వచ్చింది. అదీ సాగదీసిన పోగే.

క్షారంలో

విచ్ఛిన్నమై కరిగిపోవడం సంగతి చూడటానికి పలుచని సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం తీసుకున్నాను. చేతి తొడుగులు, కళ్లకు రక్షణ అద్దాలు లేకుండా దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు. క్షారంలో పీఎల్ఏ పైపొర నుంచి లోపలికి అరుగుతుంది. సాధారణ నీటిలో అలా కాదు: నీరు ముందు లోపలికంటా చేరుతుంది, తెగిన గొలుసుల కొసల్లోని ఆమ్ల గుంపులు మిగతా బంధాలు తెగడాన్ని వేగవంతం చేస్తాయి. కాబట్టి క్షారంలో వచ్చిన ఫలితాన్ని మట్టికి నేరుగా అన్వయించను. నమూనాల మధ్య పోలిక వరకే దీని ఉపయోగం.

ఇక్కడ ఒక లెక్క తప్పనిసరి. నాలుగు రెట్లు లాగితే పోగు వ్యాసం సగమై, గ్రాముకు ఉండే ఉపరితలం రెట్టింపవుతుంది. అందువల్ల బరువు శాతంలో పోలిస్తే సాగదీసిన పోగుకు అన్యాయం జరుగుతుంది. ప్రతి చదరపు సెంటీమీటరుకు పోయిన బరువు లెక్కవేయాలి. అలా చూస్తే సాగదీయని, వేడిలో ఉంచని తీగ అన్నిటికంటే ఎక్కువ పోగొట్టుకుంది. హీట్ సెట్ చేసిన పోగు అన్నిటికంటే తక్కువ. తెల్లబడి ఖాళీలు పడిన ముక్క మాత్రం తన పైకొలతలతో లెక్కవేస్తే అందరికంటే ముందుంది, ద్రావణం దాని లోపలి గోడలను కూడా తాకుతోంది కాబట్టి.

సూక్ష్మదర్శిని కింద సాగదీయని తీగ ఉపరితలం గుంటలు గుంటలుగా ఉంది. సాగదీసిన పోగు మీద పొడవునా సన్నని గాడులు. స్ఫటికాల మధ్య ఉన్న అస్ఫటిక దారులను క్షారం ముందు తిని, నారలను విడిగా నిలబెట్టింది. బరువు అంతగా తగ్గకముందే ఆ పోగు ముడి వేస్తే తెగడం మొదలైంది. స్ఫటికం నుంచి స్ఫటికానికి వంతెన వేసే గొలుసులు కొన్నే ఉంటాయి, భారం మోసేవీ అవే, అస్ఫటిక భాగంలో నీటికి దొరికేవీ అవే. కుట్టుదారం శరీరంలో పూర్తిగా మాయమవడానికి చాలా ముందే పట్టు వదిలేయడానికి కారణం ఇదే.

ఇప్పుడు తొట్టిలో ఉన్నవి

ప్రస్తుతం 58 డిగ్రీల నీళ్లలో నాలుగు రకాల పట్టీలు నానుతున్నాయి. పారిశ్రామిక కంపోస్టు పరీక్షలు ఈ ఉష్ణోగ్రత దగ్గరే జరుగుతాయి. కంపోస్టయ్యే ప్యాకేజింగ్‌కు యూరప్‌లో పెట్టిన ఈఎన్ 13432 ప్రమాణం ఆరు నెలల్లో 90 శాతం జీవవిచ్ఛిన్నం అడిగేది అలాంటి వాతావరణంలోనే. నీటిని పీల్చిన పీఎల్ఏ గాజు పరివర్తన ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు దిగుతుంది కాబట్టి 58 దగ్గర గొలుసులకు కదిలే వీలుంటుంది. అదే నిజమైతే, సాగదీసి అలాగే వదిలేసిన వస్తువు కంపోస్టులో పడగానే ముందు ముడుచుకుని తన వరుసను పోగొట్టుకోవాలి, ఆ తర్వాత లాగని దానిలాగే కరగాలి. హీట్ సెట్ చేసినది వరుసను నిలుపుకుని నెమ్మదిగా కరగాలి.

మొదటి సగం వరకు అలాగే జరిగింది. 70 డిగ్రీల దగ్గర మూడు రెట్లు లాగిన పట్టీలు చుట్ట చుట్టుకున్నాయి, పోలరాయిడ్ల మధ్య వాటి రంగు ఎరుపు నుంచి బూడిదకు పడిపోయింది. హీట్ సెట్ చేసిన పట్టీల రంగు చేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. బరువులు తూచడం, నీటి ఆమ్లత్వం కొలవడం, ఒక్కో రకం నుంచి ముక్కలు తీసి మళ్లీ డీఎస్‌సీకి పంపడం మిగిలి ఉన్నాయి. తర్వాతి విడతలో రెండు దిశల్లో లాగిన రేకును కూడా ఇదే తొట్టిలో పెట్టాలి. కవర్లకు వాడే పొరల్లో చాలా అలా తయారైనవే. దానికి నాలుగు వైపుల పట్టు ఉన్న చట్రం కావాలి, కొలతలు గీసి పెట్టుకున్నాను.